చేతికి తగలని మచ్చ

పద్నాలుగేళ్ల కిందట, నవంబరులో రెండో మంగళవారం, ఉదయం తొమ్మిదీ పది నిమిషాలకు సమ్మయ్య మా కార్ఖానా గేటు దగ్గర స్కూటర్ ఆపాడు. సమయం ఎందుకు గుర్తుందంటే, అప్పుడే ఒక ఫైబర్ బొమ్మ అచ్చులో రెజిన్ జిగురు పోసి, అది గట్టిపడేదాకా గడియారం చూస్తూ నిలబడి ఉన్నాను. మధ్యలో వదిలి వెళ్లే పని కాదది. సమ్మయ్యను గేటు దగ్గరే నిలబెట్టాను. ఆయనేమీ అనుకోలేదు. బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు ఆగడం అలవాటే.

మా కార్ఖానా మంచిర్యాలలో, నస్పూర్ పోయే దారి పక్కన ఉండేది. యజమాని నర్సింహాచారి గారు. నాది కరీంనగర్. హైదరాబాదులో శిల్పం చదువుకుని, ఇరవై నాలుగో ఏట ఆయన దగ్గర చేరాను. ఆయన మట్టిలో ముఖం చేసేవారు. అచ్చు తీయడం, పోత పోసి తెచ్చిన కంచును సాపు చేయడం, చివరికి రంగు పట్టించడం నా పని. కంచుకు రంగు పూయరు, పట్టిస్తారు. లోహాన్ని మంటతో వేడి చేసి, కుంచెతో రసాయనం తాకిస్తే లోహమే రంగు మారుతుంది. ఆ పొర మందం వెంట్రుకంత కూడా ఉండదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను మట్టి గురించీ కొలతల గురించీ అడుగుతుంటారు. అవి ఏ గురువైనా నేర్పుతాడు. నేను రాస్తున్నది ఎవరూ నాకు నేర్పని ఒక్క సంగతి.

నాయకుల ముఖాలు

ముందు ఫొటోల మాట. నాయకుడి బొమ్మ చేయమని వచ్చేవాళ్లు తెచ్చే ఫొటోలను నమ్మవద్దు. ఫ్లెక్సీ మీది ముఖానికి వయసుండదు, ముడత ఉండదు, మెడ అసలే ఉండదు, కండువా కప్పేస్తుంది. ఓటరు కార్డు ఫొటో అడగండి. మనిషిని ఎవరూ మెప్పించాలని చూడకుండా తీసిన ఫొటో అదొక్కటే.

బతికున్న నాయకుడొకాయన తన బొమ్మ తానే చేయించుకోవడానికి వచ్చాడు. ఆచారి గారు కొలకర్రతో ఆయన ముఖం కొలుస్తుంటే, "సారూ, దవడలు జర తగ్గించుండ్రి" అన్నాడు. ఆచారి గారు కొలత పైకి చదివి, "ఇది మీ దవడ. తగ్గాలంటె మీరే తగ్గాలె, నాతోని కాదు" అన్నారు. ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత ఎన్నికల్లో ఓడిపోయి బొమ్మ కోసం మళ్లీ రాలేదు. అది మా షెడ్డులోనే ఉండిపోయింది. దాని భుజాల మీద మేం తువాళ్లు ఆరేసుకునేవాళ్లం.

ఇంకొక బొమ్మకు కళ్లజోడు పెట్టాం, కంచు తీగతో, చాలా చక్కగా. మొదటి జయంతికే దండలు తగిలి ఒక పక్క విరిగిపోయింది. అప్పటినుంచి ఆచారి గారు కళ్లజోడు చేస్తే తీగను చెంపలోకి దించి చేసేవారు. అంటే దండ వేసేవాళ్ల గురించి మేం ఆలోచించాం. అంతవరకే ఆలోచించాం.

పదకొండు ఫొటోలు

సమ్మయ్య బొగ్గుబాయి కార్మికుల సంఘంలో కార్యదర్శి. మందమర్రి దగ్గర కాలనీ కూడలిలో గట్టయ్య బొమ్మ పెట్టాలని వచ్చాడు. గట్టయ్య బాయిలో దిగి పనిచేసిన మనిషి, తర్వాత సంఘం నాయకుడు, ఒకసారి ఎమ్మెల్యే. చనిపోయి అప్పటికి మూడు నెలలు. ఛాతీ దాకా, నిజం మనిషి కొలతకు పావు వంతు ఎక్కువ, కంచు. సంఘంలో మాట అయిపోయింది.

పదకొండు ఫొటోలు బల్ల మీద పరిచాడు. పదకొండింటిలోనూ ముఖం తోమిన పళ్లెంలా ఉంది.

"ఇంకో మాట సారూ," అన్నాడు లేస్తూ. "గట్టన్నకు గీ కనుబొమ్మ పక్కకు ఒక మచ్చ ఉండె, బొగ్గు మచ్చ. రాజక్క గది కావాలని పట్టు పట్టింది. మీరు ఫికర్ చేయకుండ్రి, నేను సముదాయిస్త."

"ఏ ఫొటోల లేదు కదనయ్యా?" అన్నాను నేను.

"స్టూడియోల తుడిచేస్తుండె మేడం. లీడర్ మొకం మీద మరక ఉంటె మంచిగుంటదా? ఎమ్మెల్యే అయినంక గూడ బొగ్గేనా?"

ఆచారి గారు ఫొటోలు ఒకచోటికి చేర్చి సమ్మయ్య చేతిలో పెట్టారు. "రాజక్క ఎవరు?"

"గట్టన్న భార్య."

"అయితె ఆమెను తోల్కరా. నువ్వు రాకున్నా నడుస్తది."

శుక్రవారం రాజవ్వ వచ్చింది. అరవై దాటిన మనిషి, చెప్పులు గేటు దగ్గరే విడిచింది. షెడ్డులో వరసగా నిలబడ్డ బొమ్మలను చూసి, తువాలు ఆరేసిన బొమ్మ దగ్గర ఆగి, "ఈయన ఇంక బతికే ఉన్నడు గద?" అంది. ఉన్నాడన్నాను. "మరి గిదేంది, గీయన ఇంట్ల చోటు లేదా?" అని నవ్వింది. కూర్చున్నాక మచ్చ సంగతి చెప్పింది.

"పెండ్లయిన మూడో ఏడు. బాయిల పైకప్పు కూలింది. గా దినం ముగ్గురు దిగిన్రు, ఒక్కడే ఎక్కిండు. కనుబొమ్మ కొస కాడ పగిలి కణత దాక కోసుకపోయింది. గాయంల బొగ్గు పొడి చొచ్చింది, పైన తోలు మూసుకున్నది. నీలంగ, నల్లగ, గోరంత వెడల్పు. గా ఇద్దరి పెండ్లాలకు పైసలు ఇప్పిద్దామనే ఈయన సంఘంల చేరిండు. మచ్చ లేకుంటె సంఘమూ లేదు, ఎమ్మెల్యే లేదు."

"ఇంట్ల ఒక్క ఫొటో అన్న లేదా అక్కా, మచ్చ ఉన్నది?" అన్నాను.

"పెండ్లి ఫొటో ఉన్నది. అప్పటికి మచ్చ రాలే. అప్పటిసంది అన్నీ తుడిచినయే. ఓటరు కార్డుల మొకమంత నల్లగనే వడ్డది, మచ్చ కనవడది. నా మనవరాలు నాలుగేండ్లది, మూడు నెలలకే మరిచింది. గోడ మీద ఫొటో జూసి, తాతకు మచ్చ ఏడున్నదే, అబద్ధాలు చెప్తున్నవ్ అంటది. నేను పోతె ఆ మచ్చ ఇగ ఎవ్వలికి ఎరుక లేదు, చెల్లే. మీ బొమ్మ మీదనన్న ఉండాలె."

ఆమె అడిగింది అంతే. బొమ్మ ఎంత ఎత్తు, ఎవరు ఆవిష్కరిస్తారు, పేరు ఏ అక్షరాల్లో చెక్కుతారు, ఇవేమీ అడగలేదు.

మట్టిలో ఒక గీత

ఆచారి గారు మట్టి ముఖం చేసి మళ్లీ రాజవ్వను పిలిపించారు. పోలిక బాగా కుదిరింది. కింది పెదవి చూసి సమ్మయ్య బయటికి పోయి నిలబడ్డాడు. కనుబొమ్మ కొస నుంచి కణత దాకా ఆచారి గారు సన్నటి పనిముట్టుతో ఒక గీత దించారు.

రాజవ్వ చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో చేయి తుడుచుకుని, అడిగి, బొటనవేలు ఆ గీత మీద పెట్టి నడిపింది. వెంటనే తీసేసింది.

"మొకం ఆయనదే. మచ్చ ఆయనది కాదు."

"ఎట్ల కాదమ్మా? మీరు చెప్పిన జాగలనే పెట్టిన," అన్నారు ఆచారి గారు.

"చేతికి తగులుతున్నది సారూ. ఆయనది తగలకపోయేది. కండ్లు మూసుకొని తడిమితె మచ్చ ఉన్నదని ఎరుకే కాకపోయేది. చూస్తెనే ఉంటది."

"మట్టికి, కంచుకు రంగుండదమ్మా. కనబడాలంటె నీడ పడాలె. నీడ పడాలంటె లోతు ఉండాలె. మేం చేసేది లోతు పని."

"గీ గీత జూస్తె ఎవడో కత్తితోటి కొట్టినట్టున్నది. ఆయన మస్తు కొట్లాటలల్ల ఉన్నడు గని కత్తి దెబ్బ తిన్లే."

ఆచారి గారికి కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు ఆయన దగ్గర పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, ఆయన కోపం ఎప్పుడూ తనకు జవాబు దొరకనప్పుడే వచ్చేది. రాజవ్వ వెళ్లిపోయాక ఆ గీతను తడి గుడ్డతో సాపు చేశారు. మర్నాడు నాతో అన్నారు: "సులోచనా, ఆమె చెప్పిందే నిజం. లేని లోతును నేను చెక్కొద్దు. మచ్చ నీ పని. రంగుల పట్టియ్యి."

పట్టించాను. ముఖమంతా ముదురు గోధుమ రంగు. మచ్చ ఉన్నచోట మాత్రం గంధకం కలిసిన మందును మూడు విడతలుగా, సన్న కుంచెతో తాకించి, నీలి నలుపు తెప్పించాను. ఆ పని మొదటిసారి కుదరలేదు, అంచు మరీ తేటగా వచ్చి బొట్టులా కనబడింది. గీకేసి మళ్లీ చేశాను. రెండోసారి అంచు చర్మంలో కలిసిపోయినట్టు వచ్చింది. నా పనిలో అంతకన్నా మంచిది నేను చేయలేదు. పైన మైనం రుద్ది, సమ్మయ్యకు వివరంగా చెప్పాను: మెత్తటి బట్టతో తుడవాలి, నీళ్లు తప్ప మరేమీ తగలకూడదు, ఏడాదికొకసారి మైనం రుద్దాలి. "అట్లనే మేడం" అని తల ఊపాడు.

ఆగస్టులో గట్టయ్య వర్ధంతి నాడు బొమ్మ మీది ఎర్రగుడ్డ తీశారు. ఉపన్యాసాలన్నీ అయి జనం పలచబడ్డాక రాజవ్వ పీట వేసుకుని ఎక్కి, బొటనవేలు కణత మీద నడిపింది. వేలికి ఏమీ తగల్లేదు.

"ఆఁ. గిప్పుడు ఆయన," అంది.

ఆచారి గారు చేసిన ఆఖరి ముఖం అదే. మరుసటి ఎండాకాలంలో పోయారు.

చింతపండు

ఆచారి గారు పోయిన ఏడాది ఆగస్టులో, వర్ధంతికి ముందురోజు, సమ్మయ్య ఫోన్ చేశాడు. గొంతులో సంబరం.

"మేడం, ఒకపారి అచ్చి చూడుండ్రి! మన గట్టన్న బంగారం లెక్క మెరుస్తున్నడు!"

నేను ఇంకేమీ అడగలేదు. మెరవకూడనిది మెరుస్తోందంటే ఏం జరిగిందో నాకు తెలుసు. దొరికిన బస్సెక్కాను.

కూడలిలో పదిహేనుమంది దాకా ఆడవాళ్లున్నారు. బకెట్లు, కొబ్బరి పీచు, బూడిద, చింతపండు పిప్పి. పండుగ ముందు ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు బొమ్మను తోమారు. తల నుంచి ఛాతీ దాకా పచ్చగా, కొత్త బిందెలా ఉంది.

"ఏం మేడం," అని ఒకామె నడుము మీద చేయి వేసుకుని పలకరించింది. "పైసలు తీసుకొని మసి పూసి ఇచ్చిన్రా? ఒక్క పూటల వదిలించినం!"

అందరూ నవ్వారు. సంతోషంతో నవ్వారు, వాళ్ల శ్రమ అది. నాకు వాళ్ల మీద కోపం రాలేదు, రావాల్సిన పనీ లేదు.

రాజవ్వ ఒక్కతే నవ్వలేదు. గద్దె మెట్టు మీద బొమ్మకు వీపు పెట్టి కూర్చుని ఉంది. చేతుల మీద చింతపండు ఎండిపోతోంది.

"చెల్లే, అది పోయింది," అంది.

పక్కన కూర్చున్నాను.

"మొకం ఎవ్వల్ని ముట్టనియ్యలే, నేనే తోమిన. మచ్చ కాడ జర గట్టిగనే రుద్దిన. ఆయన బాయి నుంచి అస్తె ముప్పై ఏండ్లు నేనే గద మొకానికి సబ్బు పెట్టి రుద్దింది. ఒంటి మీది బొగ్గంత పోయేది. గా మచ్చ పోకపోయేది. గిది గూడ పోదనుకున్న. ముప్పై ఏండ్లల్ల పోనిది, ఒక్క పూటకు పోయింది."

సమ్మయ్య ముఖం పాలిపోయింది. "నాకు చెప్పిన్రు మేడం. బట్టతోనే తుడువుమన్నరు. యాదికి రాలే."

"నువ్వు ఇంట్ల ఎన్నడన్న ఒక్క గిన్నె తోమినవా సమ్మన్నా?" అని ఇందాకటి ఆమె అడిగింది.

"లే."

"మరి నీకు చెప్తె ఏం ఫాయిద?"

నలభై మందికి పైగా నాయకుల బొమ్మలకు రంగు పట్టించాను. ఒక్కదానికి కూడా, దీన్ని ఎవరు కడుగుతారు, దేనితో కడుగుతారు అని మేం అడిగింది లేదు. ఆచారి గారు గొప్ప శిల్పి. కానీ ఆయన లెక్కలో బొమ్మ కార్ఖానా గేటు దాటితే పని పూర్తయినట్టు. కూడలిలో పెట్టిన బొమ్మకు ఆ రోజు నుంచే అసలు బతుకు మొదలవుతుంది. దండలు వేస్తారు, పాలు పోస్తారు, పసుపు రాస్తారు, తోముతారు. అది వాళ్ల మర్యాద. ఆ మర్యాదకు తట్టుకోని పని మనం చేసి, వాళ్లు పాడుచేశారనడం తప్పు.

"ఇగ నుంచి తోమకుండ్రి," అన్నాడు సమ్మయ్య.

"తోమకుండ ఎట్ల? వర్ధంతికి మసి మొకంతోని ఉంచుతమా?" అంది సమ్మయ్యను గిన్నె మాట అడిగిన ఆమె. ఆమె మాటే చెల్లుతుందని నాకు అర్థమైంది.

సమ్మయ్య ఇంకో ఉపాయం చెప్పాడు. "వెల్డింగ్ షాపుల గ్రైండర్ ఉన్నది. ఒక్క గీత కొట్టిద్దాం, ఎన్నటికీ పోదు."

రాజవ్వ తల ఎత్తింది. "మల్ల కత్తి గీతనేనా?"

రంగు నిలవదు. గీత ఆయనది కాదు. ఆ రెండు తప్ప నాకు మూడోది తెలియదు. ఏదో ఒకటి అడగాలని రాజవ్వనే అడిగాను: "అక్కా, గా మచ్చ ఎట్ల అయిందో ఇంకోపారి చెప్పు."

"చెప్పిన గద. కోసుకపోయింది, బొగ్గు చొచ్చింది, తోలు మూసుకున్నది."

ఆమె వేళ్లతో చూపించింది కూడా. కోత, నింపడం, మూయడం. అది మా పనిలో చేయగలిగిందే.

"మీ ఇంట్ల బొగ్గున్నదా?"

"బొగ్గుబాయోళ్ల ఇంట్ల బొగ్గు లేకపోవుడేంది చెల్లే?"

మూసిన గాయం

తర్వాతి ఆదివారం ఉలులు పట్టుకుని వెళ్లాను. రాజవ్వ అప్పటికే బొగ్గును రోట్లో దంచి, పాత చీర గుడ్డలో జల్లించి, కాటుకంత మెత్తగా చేసి ఉంచింది. ఆయన దిగిన బాయి బొగ్గు, ఇంట్లో మిగిలి ఉన్నదని చెప్పింది.

పూర్తయిన ముఖం మీద ఉలి పెట్టడం ఆచారి గారు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయన ఉంటే ఇప్పుడూ ఒప్పుకునేవారు కాదనే అనుకుంటాను. ఆయన లేరు, బొమ్మ ఉంది, ఆమె ఉంది. కనుబొమ్మ కొస నుంచి కణత దాకా కంచును తొలిచాను. నోరు ఇరుకుగా, లోపల వెడల్పుగా, నింపింది ఊడి రాకుండా. తొలుస్తుంటే రాజవ్వ తల తిప్పుకుంది. "నొప్పి లేదక్కా," అన్నాను. "నాకెరికే," అంది, కానీ తిరిగి చూడలేదు.

బొగ్గు పొడిని రెజిన్‌లో కలిపి గాడిలో కూరాను. అది గట్టిపడేదాకా గడియారం చూస్తూ నిలబడ్డాను. తర్వాత గరుకు కాగితంతో మొదలుపెట్టి, నున్నటి కాగితం దాకా, కంచూ బొగ్గూ ఒకే మట్టానికి వచ్చేవరకు అరగదీశాను. కళ్లు మూసుకుని బొటనవేలు నడిపితే ఎక్కడ కంచు ఆగిందో, ఎక్కడ బొగ్గు మొదలైందో తెలియలేదు.

రాజవ్వ వేలు పెట్టలేదు. ఇంటికి పోయి చింతపండు, బూడిద, పీచు తెచ్చింది. పీట ఎక్కి ఆ ఒక్కచోటే తోమడం మొదలుపెట్టింది. చెమటలు పట్టేదాకా, చేయి మార్చి మార్చి తోమింది. చెంబుతో నీళ్లు పోసింది. చుట్టూ కంచు ఇంకా పచ్చగా మెరిసింది. మధ్యలో మచ్చ నల్లగా ఉంది.

అప్పుడు బొటనవేలు నడిపింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. కిందికి దిగి, గోడ వారగా నిలబడి చూస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఆఁ. ఇగ తోముండ్రి," అంది.

పోయినవి

బొమ్మ పని ఒప్పుకునే ముందు ముఖం ఎవరిదని తర్వాత అడగండి. ఎవరు కడుగుతారు, దేనితో కడుగుతారు, ఆ రెండూ ముందు అడగండి. సంఘం కార్యదర్శిని కాదు, కడిగేవాళ్లను అడగండి. నా వృత్తి మొత్తంలో మీకు అప్పగించదగ్గది ఇదొక్కటే అనుకుంటున్నాను.

పోయిన వర్ధంతికి వెళ్లి బొమ్మను మళ్లీ కొలిచాను. పోయినవాటి లెక్క ఇది.

మట్టి ముఖం ఒకటి, అచ్చు తీసేటప్పుడు పోయింది. కంచు పోత కోసం అచ్చులో తీసిన మైనం ముఖం ఒకటి, పోతలో కరిగిపోయింది. ఆ రెండూ ఎలాగూ పోవాల్సినవే. నేను పట్టించిన రంగు, మొత్తం. మీసంలో ఆచారి గారు తీసిన సన్న గీతలు పంతొమ్మిది, ఇప్పుడు కనబడుతున్నవి ఏడు. చొక్కా పై గుండీకి అంచు లేదు. ముక్కు కొన మీద కొంత కంచు అరిగింది, కొలకర్ర పెడితే తెలిసేంత. గట్టయ్య దిగిన బాయి మూసేశారు. మా కార్ఖానాకు తాళం పడింది. ఆచారి గారు లేరు. రాజవ్వ రెండేళ్ల కిందట పోయింది. ఇప్పుడు ముఖం తోమేది ఆమె మనవరాలు.

మచ్చ ఈ లెక్కలో లేదు.